పాప నాలుక నీలంగా ఉందా?

(మహిళా సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



ఈ రోజు మాట పసిబిడ్డ గుండె గురించి. పుట్టుకతోనే వచ్చే ఒక గుండె జబ్బు గురించి.

ఇది అరుదైన జబ్బు. పుట్టే ప్రతి 10,000 మంది బిడ్డల్లో సుమారు ముగ్గురికి వస్తుంది. మన ఊళ్లో దీన్ని ఎవరూ చూసి ఉండకపోవచ్చు. "మరి మనకెందుకు ఈ సంగతి?" అని ఎవరైనా అడగవచ్చు.

ఎందుకంటే, ఈ జబ్బులో టైము చాలా తక్కువ. వెంటనే గుర్తుపట్టి సరైన చోటికి తీసుకుపోతే బిడ్డ బతుకుతుంది. "పురుడు కానీ, తర్వాత చూద్దాం" అంటే దక్కదు. గుర్తుపట్టాల్సింది డాక్టరు ఒక్కరే కాదు. పక్కలో పడుకోబెట్టుకున్న తల్లి, నీళ్లు పోసే అమ్మమ్మ, చూడటానికి వచ్చిన ఆశా కార్యకర్త కూడా గుర్తుపట్టాలి. అందుకే ఈ మాట ఆడవాళ్లందరికీ తెలియాలి.

గుండె ఏం పని చేస్తుంది?

గుండె ఎంత ఉంటుంది? ఎవరి గుండె వాళ్ల పిడికిలంత. పసిబిడ్డ గుండె పసిబిడ్డ పిడికిలంతే. అందులో నాలుగు గదులు. పైన రెండు, కింద రెండు. కుడివైపు గదులకు ఒక పని. ఎడమవైపు గదులకు ఇంకో పని.

రక్తాన్ని ఒక బండి అనుకుందాం. ఊపిరితిత్తులు బియ్యం మిల్లు. ఒళ్లు మన ఇల్లు. ఇంట్లో బియ్యం అయిపోతే ఖాళీ బండి మిల్లుకు పోతుంది. అక్కడ బస్తాలు ఎక్కించుకుంటుంది. ఇంటికి వస్తుంది. బస్తాలు దించుతుంది. మళ్లీ ఖాళీగా మిల్లుకు పోతుంది.

మన ఒంట్లో జరిగేది కూడా ఇదే. ఇక్కడ బియ్యం అంటే ప్రాణవాయువు, అంటే మనం పీల్చే గాలిలోని సత్తువ. ఒళ్లంతా తిరిగి ఖాళీ అయిన రక్తం గుండె కుడివైపుకు వస్తుంది. కుడివైపు దాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది. అక్కడ ప్రాణవాయువు నింపుకొని రక్తం ఎడమవైపుకు వస్తుంది. ఎడమవైపు దాన్ని ఒళ్లంతా పంపుతుంది.

ప్రాణవాయువు నిండిన రక్తం ఎర్రగా ఉంటుంది. అందుకే పెదవి, నాలుక ఎర్రగా కనిపిస్తాయి. ప్రాణవాయువు తగ్గిన రక్తం నల్లబడుతుంది. అప్పుడు పెదవి, నాలుక నీలంగా, నేరేడు పండు తిన్నట్టుగా కనిపిస్తాయి.

దారులు తారుమారైతే?

గుండె నుంచి రెండు పెద్ద రక్తనాళాలు బయలుదేరుతాయి. ఒకటి ఊపిరితిత్తులకు పోయే దారి. రెండోది ఒంటికి పోయే దారి. ఊపిరితిత్తుల దారి కుడి గదిలో మొదలుకావాలి. ఒంటి దారి ఎడమ గదిలో మొదలుకావాలి.

కొందరు బిడ్డల్లో ఇవి తారుమారై పుడతాయి. ఇదే ఆ జబ్బు. అప్పుడేమవుతుంది?

మిల్లు నుంచి నిండుగా బయలుదేరిన బండి మళ్లీ మిల్లుకే పోతుంది. ఇంటి నుంచి ఖాళీగా బయలుదేరిన బండి మళ్లీ ఇంటికే వస్తుంది. మిల్లు ఆడుతూనే ఉంటుంది. బండ్లు తిరుగుతూనే ఉంటాయి. ఇంట్లో మాత్రం పొయ్యి మీదికి గింజ రాదు.

అంటే బిడ్డ ఊపిరి పీలుస్తుంది. గుండె కొట్టుకుంటుంది. కానీ ప్రాణవాయువు ఒంటికి చేరదు.

పుట్టగానే ఎందుకు తెలియదు?

కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు ఊపిరితిత్తులతో పని లేదు. తల్లి మాయ నుంచి, బొడ్డుతాడు నుంచి అన్నీ అందుతాయి. అందుకే దారులు తారుమారైనా బిడ్డ కడుపులో చక్కగా పెరుగుతుంది. మంచి బరువుతో పుడుతుంది. గట్టిగా ఏడుస్తుంది. "బిడ్డ పుష్టిగా ఉంది" అని అందరూ సంతోషిస్తారు.

కడుపులో ఉన్నప్పుడు గుండెలో రెండు చిన్న సందులు తెరిచి ఉంటాయి. ఒకటి పై గదుల మధ్య గోడలో చిన్న కన్నం. రెండోది ఆ రెండు పెద్ద నాళాలను కలిపే పిల్ల నాళం. ఇవి ప్రతి బిడ్డకూ ఉంటాయి. పుట్టిన తర్వాత వీటితో పని ఉండదు కాబట్టి మూసుకుపోతాయి. పిల్ల నాళం సాధారణంగా మొదటి రెండు మూడు రోజుల్లోనే మూసుకుపోతుంది.

మామూలు బిడ్డకు ఇది మంచిదే. దారులు తారుమారైన బిడ్డకు మాత్రం ఆ సందులే ఆధారం. వాటిలో నుంచే మంచి రక్తం కొంచెం ఇటు కలుస్తుంది. అవి మూసుకుపోతున్న కొద్దీ బిడ్డ నీలంగా మారుతుంది. అందువల్ల మొదటి రోజు బాగున్న బిడ్డ రెండో రోజో, మూడో రోజో రంగు మారవచ్చు. కొందరు పుట్టిన కొన్ని గంటలకే మారతారు.

వైద్యం అందకపోతే ఏమవుతుంది? 100 మంది బిడ్డల్లో సుమారు 30 మంది మొదటి వారంలోనే చనిపోతారు. నెల తిరిగేసరికి సగం మంది పోతారు. ఏడాది నిండేసరికి 90 మంది పోతారు. కాబట్టి పదకొండో రోజు పురుడు అయ్యేదాకా, ఇరవై ఒకటో రోజు బారసాల అయ్యేదాకా ఆగటానికి వీల్లేదు.

ఎట్లా గుర్తుపట్టాలి?

బాలింత గది చాలా ఇళ్లల్లో చీకటిగా ఉంటుంది. చలిగాలి తగలకూడదని తలుపులు, కిటికీలు మూస్తారు. ఆ చీకట్లో బిడ్డ రంగు తెలియదు. పైగా నలుపు ఒళ్లయితే "వాళ్ల నాన్న రంగు వచ్చింది" అని ఊరుకుంటారు. ఒంటి రంగు వేరు. నాలుక రంగు వేరు. తెల్లగా ఉన్న బిడ్డకైనా, నల్లగా ఉన్న బిడ్డకైనా నాలుక ఎర్రగానే ఉండాలి.

కాబట్టి రోజూ ఒకసారి బిడ్డను గుడ్డలో చుట్టి గుమ్మం దగ్గర వెలుతురులోకి తీసుకురండి. పెదవులు చూడండి. నోరు తెరిచినప్పుడు నాలుక, చిగుళ్లు చూడండి.

పుట్టిన మొదటి రోజుల్లో అరచేతులు, అరికాళ్లు మాత్రమే కొంచెం నీలంగా ఉండటం మామూలే. చలికి అట్లా అవుతుంది. ఒంటికి వెచ్చదనం తగిలితే పోతుంది. నాలుక ఎర్రగా ఉంటే భయం లేదు. నాలుక నీలంగా ఉంటే మాత్రం అది చలి కాదు.

ఇంకా ఏమేం చూడాలి?

బిడ్డ నిద్రపోతున్నప్పుడు పొట్ట పైకీ కిందికీ ఆడటం చూడండి. గడియారం పెట్టుకొని ఒక నిమిషం లెక్కపెట్టండి. 60 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే మళ్లీ ఒకసారి లెక్కపెట్టండి. మళ్లీ అంతే వస్తే ఆసుపత్రికి పోవాలి.

పాలు తాగుతూ తాగుతూ అలిసిపోయి వదిలేస్తుందా? నుదుటి మీద చెమట పడుతుందా? డొక్కలు లోపలికి లాగుతున్నాయా? పిలిచినా, కదిపినా మందంగా ఉంటుందా? వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రికి పోవాలి.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినాలి. ఈ జబ్బు ఉన్న బిడ్డ మొదట్లో ఆయాసపడకపోవచ్చు. నీలంగా ఉన్నా ప్రశాంతంగా పడుకోవచ్చు. "ఆయాసం లేదుగా, ఫరవాలేదులే" అనుకోవద్దు. రంగు ఒక్కటే మారినా సరే, కదలాలి.

ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే?

ఇట్లా జరగవచ్చు. కోడలు అంటుంది: "అత్తయ్యా, బాబు నాలుక చూడండి, నల్లగా ఉంది." అత్త అంటుంది: "దిష్టి తగిలిందమ్మా. ఉప్పూ మిరపకాయలూ తిప్పేస్తే అదే పోతుంది." ఇంకొకరు తాయెత్తు కట్టమంటారు. ఇంకొకరు పొట్ట మీద వాతలు పెట్టమంటారు.

పెద్దవాళ్లకు బిడ్డ మీద ప్రేమ లేక కాదు. వాళ్లకు తెలిసింది అదే. కానీ దిష్టి తీస్తే రక్తనాళాలు చోటు మారవు. వాతలు పెడితే బిడ్డకు నొప్పి, పుండు మిగులుతాయి. అసలే తక్కువగా ఉన్న టైము పోతుంది. "దిష్టి తీయండి అత్తయ్యా, ఈలోగా 108కి ఫోను చేస్తాం" అని చెప్పవచ్చు. తగువు పెట్టుకోనక్కర లేదు. బండి మాత్రం ఆగకూడదు.

ఇంకో మాట కూడా వినపడుతుంది. "ఆడపిల్లేగా, అంత దూరం తిప్పటం ఎందుకు?" అంటారు. ఆడపిల్ల గుండెకూ, మగపిల్లవాడి గుండెకూ గదులు నాలుగే. వైద్యం ఒకటే. హక్కు ఒకటే. ఆ మాట అన్నప్పుడు తల్లి ఒక్కతే నిలబడలేదు. పక్కన సంఘం అక్కలు నిలబడాలి.

ఆసుపత్రిలో ఏం అడగాలి?

కరోనా రోజుల్లో వేలికి క్లిప్పు పెట్టి ప్రాణవాయువు ఎంత ఉందో చూశారు, గుర్తుందా? దాన్ని పల్స్ ఆక్సీమీటర్ అంటారు. పసిబిడ్డలకూ ఆ పరీక్ష ఉంది. బిడ్డ కుడిచేతికి ఒకసారి, ఒక కాలికి ఒకసారి పెడతారు. సూది లేదు, నొప్పి లేదు. కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. బిడ్డ పుట్టి 24 గంటలు దాటాక చేస్తే మంచిది.

అంకె 95 లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. చేతి అంకెకూ కాలి అంకెకూ తేడా 3 కన్నా ఎక్కువ ఉండకూడదు. 90 కన్నా తక్కువ ఉంటే వెంటనే డాక్టరు చూడాలి. మధ్యలో ఉంటే గంట ఆగి మళ్లీ చూస్తారు.

కాన్పు అయ్యాక ఇంటికి పంపేటప్పుడు ఇట్లా అడగండి: "సిస్టరు గారూ, మా బిడ్డకు క్లిప్పు పెట్టి చూశారా? అంకె ఎంత వచ్చింది?" అడగటంలో తప్పు లేదు. ఈ అంకె బాగున్నా కొన్ని గుండె జబ్బులు బయటపడకపోవచ్చు. కాబట్టి ఇంటికి వచ్చాక కూడా నాలుక చూడటం మానవద్దు.

అనుమానం వస్తే గుండెకు ఎకో పరీక్ష చేస్తారు. బిడ్డ ఛాతీ మీద జిగురులాంటిది రాసి చిన్న యంత్రం ఆనిస్తారు. తెర మీద గుండె గదులు, నాళాలు కనిపిస్తాయి. కడుపులో బిడ్డను చూసే స్కాను లాంటిదే ఇది. దీనితో జబ్బు తేలిపోతుంది.

వైద్యం ఏమిటి?

వైద్యం మూడు మెట్లు.

మొదటి మెట్టు, మందు. మూసుకుపోతున్న పిల్ల నాళాన్ని తెరిచి ఉంచే మందు ఉంది. దాని పేరు ప్రోస్టాగ్లాండిన్. దాన్ని సెలైను లాగా చుక్కలు చుక్కలుగా ఎక్కిస్తారు. పెద్ద ఆసుపత్రికి చేరేదాకా ఇది బిడ్డను కాపాడుతుంది.

రెండో మెట్టు, బుడగ. తొడ దగ్గర నుంచి గానీ, బొడ్డు నుంచి గానీ సన్నటి గొట్టం గుండెలోకి పంపుతారు. దాని కొసన చిన్న బుడగ ఉంటుంది. దాన్ని ఉబ్బించి లాగితే పై గదుల మధ్య కన్నం పెద్దదవుతుంది. మంచి రక్తం, చెడు రక్తం ఎక్కువగా కలుస్తాయి. బిడ్డ రంగు మెరుగవుతుంది. ఈ పద్ధతిని 1966లో అమెరికా డాక్టరు విలియం రష్‌కైండ్ లోకానికి చెప్పారు. కొందరు బిడ్డలకే ఇది అవసరమవుతుంది.

మూడో మెట్టు, ఆపరేషను. తారుమారైన రెండు నాళాలనూ కోసి, ఏది ఎక్కడ ఉండాలో అక్కడ కుడతారు. గుండెకు రక్తం ఇచ్చే సన్నటి నాళాలు కూడా ఉంటాయి. వాటినీ జాగ్రత్తగా తీసి కొత్త చోట కుడతారు. ఆపరేషను జరిగేంతసేపు గుండె పనిని, ఊపిరితిత్తుల పనిని ఒక యంత్రం చేస్తుంది. దీన్ని మొదట విజయవంతంగా చేసింది బ్రెజిల్ దేశపు డాక్టరు అడిబ్ జటేని. అది 1975లో. తర్వాత ఆయన ఆ దేశానికి ఆరోగ్య మంత్రి కూడా అయ్యారు.

ఈ ఆపరేషను మొదటి రెండు మూడు వారాల్లో చేస్తే మంచిది. ఎందుకు? ఒళ్లంతటికీ రక్తం తోయాలంటే ఎడమ గదికి బలం కావాలి. ఈ జబ్బులో ఎడమ గది దగ్గరే ఉన్న ఊపిరితిత్తులకు తోస్తుంది. పని తేలిక. పని లేని చెయ్యి సన్నబడినట్టు ఆ గది కండ వారాల్లోనే బలం తగ్గుతుంది. ఆలస్యం చేస్తే దారులు సరిచేసినా తోసే శక్తి చాలదు.

మంచి కేంద్రాల్లో ఈ ఆపరేషను అయిన 100 మంది బిడ్డల్లో 95 మందికి పైగా బతుకుతున్నారు. వాళ్లలో ఎక్కువ మంది బడికి పోతారు. ఆడుకుంటారు. పెద్దవాళ్లవుతారు. డాక్టరు చెప్పిన తేదీకి చూపించుకోవటం మాత్రం జీవితమంతా మానకూడదు. టీకాలు అన్నీ వేయించాలి. పళ్లు శుభ్రంగా ఉంచాలి.

చదవటం కష్టమైన అమ్మాయి

నీలం బిడ్డలకు ఆపరేషను చేయవచ్చని మొదట పట్టుపట్టింది ఒక ఆడమనిషి. పేరు హెలెన్ టాసిగ్. అమెరికాలో 1898లో పుట్టింది. చిన్నప్పుడు ఆమెకు అక్షరాలు ఒక పట్టాన వచ్చేవి కావు. తల్లి చిన్నతనంలోనే పోయింది. తండ్రి దగ్గర కూర్చోబెట్టుకొని ఓపికగా చదివించాడు. ఆమె డాక్టరు అయింది. తర్వాత చెవుడు వచ్చింది. బిడ్డల గుండె చప్పుడును చేతి వేళ్లతో తాకి తెలుసుకోవటం నేర్చుకుంది.

ఆమె ఆలోచన మీద 1944 నవంబరు 29న బాల్టిమోర్ నగరంలో డాక్టరు బ్లేలాక్ మొదటి ఆపరేషను చేశాడు. ఆయన వెనుక నిలబడి ఎట్లా చేయాలో చెప్పింది వివియన్ థామస్. ఆయన నల్లజాతి మనిషి. ఒకప్పుడు వడ్రంగి పని చేసినవాడు. డాక్టరు చదువు చదవలేదు. ఆ పద్ధతిని ముందుగా కుక్కల మీద చేసి నేర్చుకున్నది ఆయనే.

ఆ బిడ్డది వేరే గుండె జబ్బు. దారులు తారుమారు కావటం కాదు. కానీ పసిబిడ్డ గుండె జబ్బుకు కూడా వైద్యం ఉందని లోకం నమ్మింది అప్పటి నుంచే.

తప్పు ఎవరిది?

ఇట్లాంటి బిడ్డ పుడితే అందరి చూపూ తల్లి మీదే పడుతుంది. "గ్రహణం నాడు బయట తిరిగావు." "ఏదో తినకూడనిది తిన్నావు." "నీ పుట్టింటి పాపం." ఇవన్నీ ఒట్టి మాటలు.

గ్రహణానికీ ఈ జబ్బుకూ సంబంధం లేదు. కడుపులో గుండె తయారయ్యేది మొదటి ఎనిమిది వారాల్లోనే. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతి కూడా గట్టిగా తెలియదు. ఎక్కువ మంది బిడ్డల్లో ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పలేరు. తల్లి తప్పూ కాదు, తండ్రి తప్పూ కాదు.

అయినా కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. చక్కెర జబ్బు ఉన్న ఆడవాళ్లు కడుపు రాకముందే దాన్ని అదుపులో పెట్టుకోవాలి. డాక్టరును అడగకుండా మందులు మింగకూడదు. పిల్లలకు తట్టు, రుబెల్లా టీకా వేయించాలి. కడుపుతో ఉన్నప్పుడు రుబెల్లా వస్తే బిడ్డ గుండెకు ఇతర లోపాలు రావచ్చు. మేనరికం పెళ్లిళ్లలో గుండె లోపాలు కొంత ఎక్కువ. మేనరికం లేని ఇళ్లలో కూడా వస్తాయి.

అయిదో నెలలో చేసే స్కానులో కొన్నిసార్లు ఈ జబ్బు ముందే తెలుస్తుంది. అట్లా తెలిస్తే కాన్పు పెద్ద ఆసుపత్రిలో చేయించుకోవచ్చు. బిడ్డకు మొదటి గంట నుంచే వైద్యం అందుతుంది.

ఎక్కడికి పోవాలి? డబ్బు ఎట్లా?

108 బండికి డబ్బు లేదు. ముందు అందులో ఎక్కాలి. దగ్గరి ఆసుపత్రిలో ఇట్లా చెప్పాలి: "బిడ్డ నాలుక నీలంగా ఉంది. గుండె చూడండి." ప్రాణవాయువు పెట్టినా రంగు మారకపోతే డాక్టర్లకు గుండె మీద అనుమానం వస్తుంది.

దారిలో బిడ్డను తల్లి గుండెలకు ఆనించి వెచ్చగా ఉంచండి. తాగగలిగితే తల్లిపాలు ఇవ్వండి. తేనె, ఆముదం, నాటు మందు ఏదీ పోయవద్దు.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైంది. పేద కుటుంబాల పిల్లల గుండె ఆపరేషన్లు అందులో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి దాని పేరు డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ. తెలంగాణలో ఆరోగ్యశ్రీగానే నడుస్తున్నది. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర ఉంటారు. కార్డు, కాగితాల సంగతి వాళ్లను అడగండి. కాగితం దొరకలేదని ఇంట్లో కూర్చోవద్దు. ముందు బిడ్డ, తర్వాత కాగితం.

తిరుపతిలో 2021లో తిరుమల తిరుపతి దేవస్థానం శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ప్రారంభించింది. అది పిల్లల గుండె కోసమే ఉన్న ఆసుపత్రి.

ఆసుపత్రిలో కాన్పు అయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వచ్చి బిడ్డను చూడాలి. ఆమె వచ్చినప్పుడు బిడ్డను వెలుతురులో చూపించండి.

గుర్తు పెట్టుకోండి

నాలుక ఎర్రగా ఉండాలి. నీలంగా ఉంటే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

నిమిషానికి ఊపిరి 60 దాటకూడదు.

క్లిప్పు అంకె 95కు తగ్గకూడదు.

దిష్టి, వాతలు, నాటు మందులతో టైము పోగొట్టవద్దు.

తల్లిని తప్పుపట్టవద్దు.

అమ్మలారా! 60 వరకు లెక్కపెట్టటం ఇప్పుడు మీకు వచ్చు. 95 అనే అంకె చదవటం వచ్చు. బిడ్డ ఏ రోజు, ఏ గంటకు రంగు మారిందో కాగితం మీద రాయటం వచ్చు. ఆ చీటీ డాక్టరు చేతికి ఇస్తే ఆయనకు ఎంతో సాయం. మీరు కష్టపడి నేర్చుకున్న ఈ రెండు అంకెలు మీ వీధిలో ఉన్న ప్రతి బాలింతకూ చెప్పండి.